నకిలీ ఐడీ: కౌంటర్‌కు ఇటూ అటూ

నమస్కారమండీ. ఈ హాల్లో ముందు వరుసల్లో గ్యాస్ స్టేషన్లు, లిక్కర్ స్టోర్లు, కన్వీనియన్స్ స్టోర్లు నడిపేవాళ్లు, వాటిలో పనిచేసేవాళ్లు కూర్చున్నారు. వెనక వరుసల్లో చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, ఇక్కడే పుట్టి పెరిగి కాలేజీకి వచ్చిన పిల్లలు ఉన్నారు. నకిలీ ఐడీ గురించి మామూలుగా వీళ్లకు వేరుగా, వాళ్లకు వేరుగా చెబుతారు. ఇవాళ కలిపే చెబుతాను, ఎందుకంటే చట్టం ఇద్దర్నీ అడిగేది ఒకటే ప్రశ్న: "నీకు తెలుసా, తెలియదా?" కార్డు చూపించినవాడికి అది నకిలీదని తెలుసా, దాంతో ఎవర్ని నమ్మించాలనుకున్నాడు? కార్డు చూసినవాడు నిజంగా చూశాడా, చూసినట్టు నటించాడా? జరిమానా, జైలు, లైసెన్సు రద్దు, వీసా గొడవ, అన్నీ ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడతాయి.

ముందు కాస్త నేపథ్యం. మద్యం కొనడానికి 21 ఏళ్లుండాలన్నది అమెరికా అంతటా ఒకటే. 1984లో ఇక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్, ఒక చట్టం చేసింది: 21 పెట్టని రాష్ట్రానికి హైవే నిధుల్లో కోత. సౌత్ డకోటా రాష్ట్రం సుప్రీంకోర్టుదాకా వెళ్లి 1987లో ఓడిపోయింది. 1988 కల్లా అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి. అయితే ఆ చట్టం వయసు ఒక్కటే చెప్పింది, శిక్షలు చెప్పలేదు. శిక్షలు ఎవరి రాష్ట్రంవి వాళ్లవే. అందుకే ఒకే కార్డు జేబులో పెట్టుకుని నాలుగు రాష్ట్రాలు తిరిగితే నాలుగు రకాల నేరాలవుతాయి.

మనం టెక్సాస్‌లో ఉన్నాం కాబట్టి ఇక్కడి నుంచి మొదలుపెడదాం. మద్యం చట్టం దృష్టిలో 21 నిండని ప్రతివాళ్లూ మైనరే. 20 ఏళ్ల 11 నెలలవాడూ మైనరే. మైనరు తనకు 21 నిండాయని అబద్ధం చెప్పినా, అలా చెప్పే కాగితం చూపించినా ఆల్కహాలిక్ బెవరేజ్ కోడ్ 106.07 కింద క్లాస్ సి మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరాల్లోకెల్లా చిన్నది. జరిమానా 500 డాలర్ల లోపు. దాంతోపాటు మొదటిసారి 8 నుంచి 12 గంటలు కమ్యూనిటీ సర్వీసు, 30 రోజులు డ్రైవింగ్ లైసెన్సు సస్పెన్షన్, మద్యంపై అవగాహన క్లాసు. రెండోసారికి 20 నుంచి 40 గంటలు, 60 రోజులు. ఆపైన మళ్లీ దొరికితే 180 రోజులు. డల్లాస్ చుట్టుపక్కల కారు లేకుండా 30 రోజులంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. జరిమానా కంటే అదే ఎక్కువ బాధ.

ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్‌లో 521.453 అని ఇంకో సెక్షన్ ఉంది. 21 నిండనివాడు, తనకు 21 అని నమ్మించే ఉద్దేశంతో డ్రైవింగ్ లైసెన్సును పోలిన కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు, చూపించకపోయినా క్లాస్ సి. "సరదాకి కొన్న నావెల్టీ ఐడీ అండీ" అనేవాళ్లకు ఈ సెక్షన్‌లోనే జవాబుంది. అలాంటి కార్డుకు ముందూ వెనకా రెండు వైపులా, ఏటవాలుగా, ఎర్ర రంగులో, కనీసం పావు అంగుళం ఎత్తున్న పెద్దక్షరాలతో, చెరిగిపోకుండా 'ఇది ప్రభుత్వ పత్రం కాదు' అని ఇంగ్లీషులో అచ్చయి ఉండాలి. అది లేకపోతే నావెల్టీ అనే మాట చెల్లదు.

ఇంతవరకూ టికెట్ స్థాయి. దీని పక్కనే 521.451 ఉంది. నకిలీదనో, దిద్దినదనో తెలిసి కూడా లైసెన్సును చూపించడం, దగ్గర ఉంచుకోవడం, మీ అసలు లైసెన్సు ఇంకొకరికి వాడుకోవడానికి ఇవ్వడం, ఇంకొకరిది మీదని చూపించడం దీని కిందికి వస్తాయి. ఇది క్లాస్ ఎ మిస్‌డిమీనర్: ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా. అదే పని, అదే రాత్రి, అదే కార్డు. పోలీసు ఏ సెక్షన్ రాశాడు, ప్రాసిక్యూటర్ దేనికి ఒప్పుకున్నాడు అన్నదాన్ని బట్టి 500 డాలర్ల టికెట్టా, ఏడాది జైలు పడగల కేసా అన్నది తేలుతుంది. ఇంకా పైకి పోతే పీనల్ కోడ్ 37.10, అంటే ప్రభుత్వ రికార్డును తారుమారు చేయడం. లైసెన్సుకు సంబంధించినదైతే థర్డ్ డిగ్రీ ఫెలనీ, అంటే పెద్ద నేరం, 2 నుంచి 10 ఏళ్లు జైలు. మోసం చేసే ఉద్దేశం కూడా రుజువైతే సెకండ్ డిగ్రీ, 20 ఏళ్ల వరకు. బీరు కొనబోయిన కుర్రాడి మీద సాధారణంగా ఇంతదూరం వెళ్లరు. కానీ సెక్షన్ పుస్తకంలో ఉంది, బేరమాడేటప్పుడు అది బల్ల మీదుంటుంది.

మాస్టర్స్‌కి వచ్చేవాళ్లకు మామూలుగా 21 దాటే ఉంటాయి కాబట్టి ఇదంతా మాకెందుకు అనుకోవచ్చు. మీకు తగిలేది ఇందాక చెప్పిన 'ఇంకొకరికి ఇవ్వడం'. అండర్‌గ్రాడ్‌లో ఉన్న కజిన్ వచ్చి "అన్నా, నీ పాత కార్డు ఇవ్వవా, ఇద్దరం ఒకేలా ఉంటాం" అంటాడు. అడ్రస్ మారినప్పుడు వచ్చిన కొత్త కార్డు మీ పర్సులో ఉంటుంది, పాతది డ్రాయర్‌లో ఉంటుంది. ఇచ్చారనుకోండి, ఇద్దరూ ఇరుక్కుంటారు, మీది కూడా క్లాస్ ఎ నే.

ఇక వేరే రాష్ట్రాలు, త్వరగా. కాలిఫోర్నియాలో బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్ 25661 ప్రకారం 21 నిండనివాళ్లు నకిలీ ఆధారం చూపించినా, దగ్గర పెట్టుకున్నా మిస్‌డిమీనర్. జరిమానా కనీసం 250 డాలర్లు, లేదంటే 24 నుంచి 32 గంటల కమ్యూనిటీ సర్వీసు. న్యూయార్క్‌లో మద్యం చట్టం కింద మొదటిసారి 100 డాలర్ల వరకు జరిమానా, 30 గంటల వరకు సర్వీసు. చాలా తేలికగా ఉంది కదా అనిపిస్తుంది. అదే న్యూయార్క్‌లో పీనల్ లా 170.25 ఉంది. మోసగించే ఉద్దేశంతో నకిలీ అధికార పత్రం దగ్గర పెట్టుకోవడం క్లాస్ డి ఫెలనీ, 7 ఏళ్ల వరకు. ఫ్లోరిడాలో మధ్యేమార్గం లేదు. 322.212 కింద నకిలీ లైసెన్సని తెలిసి దగ్గర పెట్టుకుంటే చాలు, థర్డ్ డిగ్రీ ఫెలనీ, 5 ఏళ్ల వరకు జైలు, 5,000 డాలర్ల వరకు జరిమానా. స్ప్రింగ్ బ్రేక్‌కి ఇక్కడి నుంచి ఫ్లోరిడా బీచ్‌లకు వెళ్లే పిల్లలు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇల్లినాయ్ ఇంకో తరహా. అక్కడ రెండు మాటలకు రెండు శిక్షలున్నాయి. రాష్ట్రమే జారీ చేసిన కార్డులో వివరాలు అబద్ధమైనా, తర్వాత దిద్దినా ఒక రకం. అది క్లాస్ ఎ మిస్‌డిమీనర్. అసలు ఏ ప్రభుత్వమూ జారీ చేయని, ఎక్కడో ముద్రించిన కార్డు ఇంకో రకం. అది క్లాస్ 4 ఫెలనీ. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి తెప్పించుకునేవన్నీ ఈ రెండో రకమే. ఎంత బాగా చేశారని మురిసిపోయినా కేసు పెద్దదే.

ఫెడరల్ చట్టం కూడా ఒకటుంది, యూఎస్ కోడ్ టైటిల్ 18లో సెక్షన్ 1028. బార్‌లో ఒక కార్డుతో దొరికినవాడి మీద ఇది వాడటం అరుదు. 'గ్రూప్ ఆర్డర్' పెట్టేవాడి మీద వాడతారు. ఎక్కువ కార్డులు ఒకేసారి తీసుకుంటే ధర తగ్గిస్తామని అమ్మేవాళ్లు ఆశపెడతారు. హాస్టల్లో ఒక చురుకైన కుర్రాడు పదిమంది ఫొటోలు, సంతకాలు, డబ్బులు పోగుచేసి ఆర్డర్ పెట్టి, పార్సిల్ రాగానే పంచిపెడతాడు. తను స్నేహితులకు సాయం చేశానని అనుకుంటాడు. చట్టం దాన్ని నకిలీ గుర్తింపు పత్రాల బదిలీ అంటుంది. డ్రైవింగ్ లైసెన్సులైనా, ఐదుకు మించిన ఏ పత్రాలైనా గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. పోస్టులో వస్తే ఫెడరల్ అధికార పరిధి దానంతటదే వచ్చేస్తుంది. పైగా మీ అసలు ఫొటో, అసలు సంతకం, ఇంటి చిరునామా సముద్రాలవతల ముక్కూ మొహం తెలియని అమ్మకందారు చేతిలో ఉంటాయి. తర్వాత వాడు ఇంకా డబ్బు పంపమని బెదిరిస్తే పోలీసుల దగ్గరకు వెళ్లే దారి కూడా మీరే మూసేసుకున్నారు.

ఇప్పుడు కౌంటర్ ఇవతలికి వద్దాం.

కార్డును పర్సులోంచి బయటకు తీయించండి. ప్లాస్టిక్ కిటికీ వెనకున్న కార్డును చూశానంటే చూడనట్టే. "తీసి ఇవ్వండి సర్" అనడానికి మొహమాటపడే క్లర్కు దగ్గరే సగం కార్డులు దాటిపోతాయి. చేతిలోకి వచ్చాక మీ కళ్లకన్నా ముందు వేళ్లు పనిచేయాలి. లైసెన్సు కొలత బ్యాంకు కార్డు కొలతే: 85.6 మిల్లీమీటర్ల పొడవు, 54కు కాస్త తక్కువ వెడల్పు, 0.76 మందం. అనుమానం వస్తే ఏ డెబిట్ కార్డు మీదైనా పెట్టి చూడండి. అంచుల్లో పొర లేస్తోందా, మూలలు సరిగ్గా గుండ్రంగా ఉన్నాయా చూడండి. చాలా రాష్ట్రాలు ఇప్పుడు పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌కు మారాయి. అందులో పొరలు వేడికి ఒకటిగా కలిసిపోతాయి, ఫొటో, అక్షరాలు లేజర్‌తో లోపలే కాలుస్తారు, కాబట్టి గోరుతో గీకినా పైపొర ఊడదు. కౌంటర్ మీద పడేస్తే గట్టిగా టంగుమంటుంది. కొన్ని రాష్ట్రాలు పుట్టిన తేదీని వేలికి తగిలేలా ఉబ్బెత్తుగా చెక్కుతాయి. నకిలీలో ఆ ఉబ్బు ఉండదు, లేదంటే అక్కర్లేనిచోట కూడా ఉంటుంది.

ఆ తర్వాత వెలుతురు. కార్డును అటూ ఇటూ వంచితే హోలోగ్రామ్ బొమ్మ ఒక కోణంలో కనబడి ఇంకో కోణంలో మాయమవ్వాలి, లేదా రంగు మారాలి. నకిలీలో తళుకు ఉంటుంది కానీ బొమ్మ కదలదు, ఎటు తిప్పినా ఒకేలా మెరుస్తూ కూర్చుంటుంది. యూవీ టార్చి కౌంటర్ కింద ఒకటి పెట్టుకోండి, పెద్ద ఖరీదు కాదు. అసలు కార్డు మీద యూవీ కింద రాష్ట్రం గుర్తో, ఫొటో ప్రతిబింబమో పదునైన గీతలతో వెలుగుతుంది, మిగతా కార్డు చీకటిగా ఉంటుంది. చవక ప్లాస్టిక్‌తో చేసినదైతే కార్డంతా తెల్లచొక్కాలాగా నీలంగా వెలిగిపోతుంది. పది రెట్లు పెంచి చూపించే చిన్న భూతద్దం ఉంటే సన్నగీతల్లాంటివి చూడండి. అసలుదానిలో ఆ గీత నిజానికి అక్షరాల వరస, చదవగలం. మామూలు ప్రింటరుతో చేసినదాంట్లో అది చుక్కలుగా విడిపోతుంది.

ఒక చిక్కుంది. యాభై రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, ప్రతి రాష్ట్రంలోనూ పాత డిజైనూ కొత్త డిజైనూ కలిసి చలామణీలో ఉంటాయి. ఎవరికీ అన్నీ గుర్తుండవు. నకిలీలు తరచూ దూరపు రాష్ట్రానివిగా ఎందుకు ఉంటాయో దీన్నిబట్టే అర్థమవుతుంది: టెక్సాస్ క్లర్కు వేళ్లకు టెక్సాస్ కార్డు తెలుసు, దూరాన ఉన్న రాష్ట్రానిది తెలియదు. అన్ని రాష్ట్రాల కార్డుల ఫొటోలూ కొలతలూ ఉండే గైడు పుస్తకాలు ఏటా వస్తాయి, ఒకటి కౌంటర్‌లో ఉంచండి. గైడు తీసి పేజీలు తిప్పుతుంటేనే "కార్లో పర్సు మర్చిపోయాను" అని వెళ్లిపోయేవాళ్లు చాలామంది.

నిలువు కార్డు గురించి. చాలా రాష్ట్రాల్లో 21 లోపు వాళ్లకు లైసెన్సు నిలువుగా ఇస్తారు. అది చూడగానే మెదడులో గంట మోగాలి. కానీ నిలువుగా ఉందని అసలు అమ్మనని చెప్పడమూ తప్పే, 21 దాటినా గడువు తీరే వరకు అదే కార్డు చెల్లే రాష్ట్రాలున్నాయి. తేదీ లెక్క వేయాల్సిందే. పోలీసులు మైనర్లను పంపి పరీక్షించే స్టింగ్ ఆపరేషన్లలో దుకాణాలు దొరికిపోయేది నకిలీ కార్డుతో కాదు. ఉదాహరణకు కాలిఫోర్నియా నిబంధన ప్రకారం, పంపిన కుర్రాడు 20 లోపువాడై ఉండాలి, కార్డు తెచ్చుకుంటే అది తన సొంత అసలు కార్డే కావాలి, అడిగితే చూపించాలి, వయసు అడిగితే నిజం చెప్పాలి. అంటే నిజమైన కార్డు, నిజమైన తేదీ చేతిలో పెట్టుకుని కూడా క్లర్కు తీసివేత తప్పు చేసి అమ్మేస్తాడు. 'ఈ తేదీకి ముందు పుట్టినవారికే' అనే బోర్డు రోజూ మార్చి పెట్టండి. పొగాకుకైతే 2019 డిసెంబర్ 20 నుంచి దేశమంతా 21, పైగా 2024 సెప్టెంబర్ 30 నుంచి 30 ఏళ్ల లోపు ప్రతివాళ్ల ఐడీ చూడాలని ఎఫ్‌డీఏ నిబంధన.

స్కానర్ దగ్గరకు వస్తున్నాను. ఇక్కడే అందరూ బోల్తా పడేది. "స్కాన్ అయింది కదండీ" అంటారు. కార్డు వెనక ఉండే బార్‌కోడ్‌లో పేరు, పుట్టిన తేదీ, చిరునామా, లైసెన్సు నంబరు రాసి ఉంటాయి, సాధారణంగా ఏ తాళమూ లేకుండా. దాని అమరిక కూడా బహిరంగంగా దొరికే ప్రమాణమే. స్టోర్‌లో ఉండే స్కానర్ ఆ రాతను చదువుతుంది, 21 నిండాయో లేదో లెక్క కడుతుంది. అంతే. లైసెన్సులిచ్చే ఆఫీసుకు ఫోన్ చేయదు, చేసే అధికారం మీకు లేదు. ఊళ్లో ఉత్తరం చదివిపెట్టే మనిషి లాంటిది అది. ఉత్తరంలో ఉన్నది నిజమో అబద్ధమో అతనికేం తెలుస్తుంది? రాష్ట్రం రికార్డుతో పోల్చి చూడగలిగేది పోలీసులు. వేరే రాష్ట్రం లైసెన్సునైనా కారులో కూర్చునే ఎన్‌లెట్స్ అనే వ్యవస్థ ద్వారా నిమిషంలో తేల్చేస్తారు. 2020 మొదటి ఆరు నెలల్లో షికాగో ఓహేర్ విమానాశ్రయం మెయిల్ కేంద్రంలో కస్టమ్స్ వాళ్లు 19,888 నకిలీ అమెరికన్ డ్రైవింగ్ లైసెన్సులు పట్టుకున్నారు. ఎక్కువభాగం చైనా, హాంకాంగ్‌ల నుంచి వచ్చినవే. వాటిలో మిషిగన్ కార్డుల బార్‌కోడ్ నిజంగానే పనిచేసిందని వాళ్లే చెప్పారు.

మరి స్కానర్ దండగా? కాదు. 'చెల్లుతుంది' అనే పచ్చలైటు చూసి ఆగిపోకండి, తెర మీద వచ్చిన వివరాలను కార్డు ముందువైపుతో పోల్చండి. పేరు స్పెల్లింగు, ఎత్తు, జారీ తేదీ, గడువు తేదీ. ముందొకటి, వెనకొకటి ఉంటే అది నకిలీయే. ఇంకో ఉపయోగం చట్టపరమైనది. టెక్సాస్‌లో 109.61 ప్రకారం, స్కానర్ కార్డు చెల్లుతుందని, వయసు నిండిందని చూపించి, మీరు దాన్ని నిజాయితీగా నమ్మి అమ్మితే, మైనర్‌కు అమ్మారన్న కేసులో అది మీకు రక్షణ. అదే సెక్షన్ ఇంకోటి కూడా చెబుతుంది: అలా చదివిన సమాచారాన్ని మార్కెటింగ్‌కు వాడకూడదు. కస్టమర్ల లిస్టు తయారుచేసుకుని పండగ ఆఫర్ల మెసేజీలు పంపుదామనుకునేవాళ్లు వింటున్నారా?

అరువు తెచ్చుకున్న అసలు కార్డును మాత్రం స్కానర్ ఏమీ చేయలేదు. బార్‌కోడ్ నిజం, హోలోగ్రామ్ నిజం, మనిషే అబద్ధం. అప్పుడు ముఖమే చూడాలి. జుట్టు, గడ్డం, కళ్లజోడు చూడకండి, అవి మారతాయి. చెవుల ఆకారం, కళ్ల మధ్య దూరం, గడ్డం ఎముక చూడండి. కళ్ల రంగు మనవాళ్ల విషయంలో పనికిరాదు, అందరి కార్డు మీదా బ్రౌనే. ఎత్తు పనికొస్తుంది. తర్వాత ప్రశ్నలు: మిడిల్ నేమ్, జిప్ కోడ్, హైస్కూల్ ఏ సంవత్సరం పూర్తయింది. అసలు మనిషి ఆలోచించకుండా చెబుతాడు. ట్రైనింగుల్లో 'రాశి అడగండి' అని చెబుతారు. ఇండియన్ కస్టమర్లను అది అడగొద్దు. వాళ్లు పాశ్చాత్య లెక్క ప్రకారం సూర్యరాశి అడుగుతారు, మనవాళ్లు జన్మనక్షత్రాన్ని బట్టి చంద్రరాశి చెబుతారు. నిజమైన కార్డున్న మనిషి అబద్ధాలకోరుగా తేలతాడు.

మన పత్రాల విషయంలో ఇంకో రెండు తికమకలున్నాయి, రెండు పక్షాలూ తెలుసుకోవాలి. ఇండియన్ పాస్‌పోర్టులో తేదీ రోజు, నెల, సంవత్సరం వరసలో ఉంటుంది. 03/09/2004 అంటే సెప్టెంబర్ 3. ఇక్కడి క్లర్కు దాన్ని మార్చి 9 అని చదివి, ఆరు నెలలు ముందే అమ్మేస్తాడు. కస్టమర్ అబద్ధం ఆడలేదు, కార్డు నకిలీ కాదు, అమ్మినవాడిదే తప్పు. రెండోది ఎఫ్ఎన్‌యూ. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం ఒకే గడిలో రాయించుకున్నవాళ్లకు, వీసాలో అదంతా ఇంటిపేరై, మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ, అంటే 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్' అని పడుతుంది. అదే లైసెన్సులోకి వస్తుంది. కొత్త క్లర్కు దాన్ని చూసి నకిలీ అనుకుంటాడు. వీసా మీద ఉన్నవాళ్ల లైసెన్సు గడువు కూడా ఉండే అనుమతిని బట్టి కురచగా ఉంటుంది, కార్డు మీద 'లిమిటెడ్ టర్మ్' అని ఉంటుంది. అదీ నకిలీ లక్షణం కాదు.

ఫోన్లో ఫొటో తీసి ఉంచుకున్న లైసెన్సు చూపిస్తే ఐడీ కాదు. కొన్ని రాష్ట్రాలు ఇచ్చే మొబైల్ లైసెన్సు వేరు. దానికి రాష్ట్రం డిజిటల్ సంతకం ఉంటుంది, దాన్ని సరిచూసే రీడర్ మీ దగ్గర ఉంటేనే దానికి అర్థం. తెర మీద బొమ్మ చూసి తలూపితే స్క్రీన్‌షాట్‌కు తలూపినట్టే.

అమ్మినవాడి సంగతి. టెక్సాస్‌లో మైనర్‌కు మద్యం అమ్మడం క్లాస్ ఎ మిస్‌డిమీనర్, కొన్నవాడి నేరం కంటే పెద్దది. 106.03 ఒక మినహాయింపు ఇస్తుంది: మైనరు చూపించిన కార్డు చూడటానికి నిజమైనదిగా ఉండాలి, ఫొటో, శారీరక వివరాలు మనిషితో సరిపోవాలి, 21 నిండాయని చెప్పాలి, ప్రభుత్వం జారీ చేసినదిగా ఉండాలి. ఇవన్నీ ఉంటే అమ్మినవాడిది నేరం కాదు. 'సరిపోవాలి' అన్న మాట చూడండి. ఆరడుగుల మనిషి ఐదడుగుల రెండంగుళాల కార్డు ఇస్తే, తర్వాత "కార్డు చాలా బాగా చేశారండీ" అనే వాదన నిలవదు. ఇక యజమానికి వేరే రక్షణ ఉంది, 106.14. ఉద్యోగి రాష్ట్రం ఆమోదించిన సెల్లర్ ట్రైనింగ్ చేసి ఉండాలి, అందరూ చేయాలని యజమాని షరతు పెట్టి ఉండాలి, చట్టం తప్పమని ప్రోత్సహించి ఉండకూడదు. చేరిన 30 రోజుల్లోపు చేయించండి. సర్టిఫికెట్ రెండేళ్లే పనిచేస్తుంది, దాని గడువు దాటినవాడు కౌంటర్‌లో ఉన్న రోజునే ఇన్‌స్పెక్టరు వస్తాడు.

ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు పనిచేసే అనుమతి సరిచూసే ఐ-9 ఫారం ఉంది కదా, అక్కడా ఇదే సూత్రం. పత్రాలు చూడటానికి నిజమైనవిగా, ఆ మనిషివిగా ఉంటే తీసుకోవాలి, పనిలో చేరిన మూడు పనిదినాల్లోపు. "నాకు గ్రీన్ కార్డే కావాలి" అని పట్టుబట్టడం చట్టం నిషేధించిన వివక్ష. నకిలీదని తెలిసీ తీసుకోవడమూ చట్టవిరుద్ధమే. ఉద్యోగి వైపు చూస్తే, ఐ-9 కోసం నకిలీ పత్రం ఇస్తే 18 యూఎస్ కోడ్ 1546 కింద 5 ఏళ్ల వరకు. అంతకంటే ఘోరం ఆ ఫారంలో 'సిటిజన్' గడిలో టిక్ పెట్టడం. పౌరుణ్నని అబద్ధం చెప్పినవాళ్లకు ఇమిగ్రేషన్ చట్టం దాదాపు శాశ్వతంగా తలుపు మూసేస్తుంది, మాఫీ దారులు లేవన్నట్టే.

వీసా మీద ఉన్న పిల్లలూ, ఇక మీ భాగం. మీ క్రిమినల్ కేసులో జడ్జి వేసే శిక్ష కంటే, ఆ సెక్షన్ కింద 'ఎంతవరకు వేయవచ్చు' అన్నది ముఖ్యం. దేశంలోకి వచ్చిన ఐదేళ్లలోపు, నైతిక దుష్ప్రవర్తన కిందికి వచ్చే నేరం చేసి, దానికి ఏడాది లేదా అంతకుమించి శిక్ష పడే వీలుంటే బహిష్కరణ ప్రశ్న వస్తుంది. కాలిఫోర్నియా 2015 నుంచి మిస్‌డిమీనర్ గరిష్ఠ శిక్షను 364 రోజులకు తగ్గించింది. న్యూయార్క్ 2019లో అదే చేసింది. ఒక్క రోజు తగ్గించడం వెనక ఉన్న లెక్క ఇదే. టెక్సాస్ క్లాస్ ఎ మాత్రం ఇంకా ఏడాదే. ఊరికే దగ్గర పెట్టుకోవడం వేరు, మోసం చేసే ఉద్దేశం నేర నిర్వచనంలో భాగమై ఉండటం వేరు. రెండోదే ఆ నైతిక దుష్ప్రవర్తన గీత దాటిస్తుంది. అందుకే ఏ సెక్షన్‌కు ఒప్పుకుంటున్నారన్నది జరిమానా మొత్తం కంటే వెయ్యి రెట్లు ముఖ్యం.

టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ అనే ఏర్పాటుంది. నేరం ఒప్పుకుంటారు, కొన్నాళ్లు షరతులు పాటిస్తారు, కేసు కొట్టేస్తారు, రాష్ట్రం లెక్కలో శిక్ష పడనట్టే. ఇమిగ్రేషన్ లెక్కలో అది శిక్ష పడినట్టే. ఒప్పుకోలు, దానికి తోడు ఏదో ఒక ఆంక్ష, ఈ రెండూ ఉంటే వాళ్ల నిర్వచనం పూర్తవుతుంది. 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు, బహిష్కరణ ముప్పు గురించి చెప్పాల్సిన బాధ్యత క్రిమినల్ లాయర్‌దేనని తేల్చింది. అయినా మీరే నోరు తెరిచి "నేను ఎఫ్-1 మీద ఉన్నాను" అని మొదటి నిమిషంలో చెప్పండి. పోలీసు దగ్గర చెప్పే మాట వేరు: పేరు, అసలు ఐడీ ఇవ్వండి, మిగతాది లాయర్ వచ్చాక. "ఆన్‌లైన్‌లో ఫలానా చోట కొన్నాను" అన్న మాటే, నకిలీదని మీకు తెలుసని రుజువు చేసేస్తుంది.

కొట్టేసిన కేసు గొడవ చేయదనుకోవద్దు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుంచే ప్రభుత్వ వ్యవస్థలోని రికార్డులు, ఒక్కసారిగా రద్దయినప్పుడు, పోలీసు డేటాబేసులో పేరు కనబడటమే చాలామంది విషయంలో కారణం. కొట్టేసిన కేసులవాళ్లు, చిన్న ట్రాఫిక్ కేసులవాళ్లు కూడా అందులో ఉన్నారు. కోర్టుల్లో కేసులు పడ్డాక రికార్డులు తిరిగి తెరిచారు, కానీ ఆ వారాలు ఎలా గడిచాయో వాళ్లకే తెలుసు.

ప్రశ్నలు అడగొచ్చు.

(ఒక స్టోర్ యజమాని: నకిలీదని తెలిస్తే కార్డు లాగేసుకోవచ్చా?)

రాష్ట్రాన్ని బట్టి అండీ. కాలిఫోర్నియాలో చట్టమే అనుమతిస్తుంది, కానీ రసీదు ఇవ్వాలి, 24 గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. మిగతాచోట్ల మీ లైసెన్సింగ్ ఏజెన్సీని అడక్కుండా ఆ పని చేయకండి. అమ్మకం ఆపడానికి మీకు ఎప్పుడూ హక్కుంది, అది వాడండి. మనిషిని పట్టుకోవడం, తలుపు మూయడం వద్దే వద్దు. రిజిస్టరు పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి తేదీ, సమయం, ఏ రాష్ట్రం కార్డు, ఎందుకు అనుమానం అని రాయండి. కార్డు మీది పేరు, నంబరు రాయకండి.

(ఒక విద్యార్థిని: మా రూమ్మేట్‌కు టికెట్ వచ్చింది, ఆన్‌లైన్‌లో ఫైన్ కట్టేస్తే అయిపోతుందా?)

ఆ బటన్ నొక్కితే నేరం ఒప్పుకున్నట్టేనమ్మా. ఇంకా కట్టకపోతే కట్టొద్దని ఇవాళే చెప్పండి. టికెట్ మీద కోర్టుకు హాజరు కావాల్సిన తేదీ ఉంటుంది, అది దాటనివ్వకండి, దాటితే వారెంటు వస్తుంది. ఈలోపు క్రిమినల్ లాయర్‌నూ, ఇమిగ్రేషన్ లాయర్‌నూ ఇద్దర్నీ కలవాలి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచిత న్యాయ సలహా ఆఫీసు ఉంటుంది, మొదట అక్కడికి వెళ్లండి. ఒకవేళ ఇప్పటికే కట్టేస్తే, తీర్పును తిరగదోడే గడువు రోజుల్లోనే ఉంటుంది, వారాల్లో కాదు. కేసు ఏ రకంగా ముగిసినా కోర్టు క్లర్కు దగ్గర ముద్ర వేసిన డిస్పొజిషన్, అంటే కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం, కాపీలు రెండు మూడు తీసి దాచుకోవాలి. 21 నిండాక, మద్యం చట్టం కింద శిక్ష ఒక్కటే ఉంటే టెక్సాస్‌లో 106.12 కింద రికార్డు తుడిపించుకోవచ్చు. తుడిచేశాక కోర్టులో కాపీ దొరక్కపోవచ్చు కాబట్టి ముందే తీసుకోవాలి. ఎందుకంటే వీసాకు నింపే డీఎస్-160లో అరెస్టు, శిక్షల ప్రశ్న ఉంటుంది, క్షమాభిక్ష దొరికినా చెప్పమనే అడుగుతుంది. దాచిపెడితే అది వేరే అబద్ధమవుతుంది, దానికి వేరే సెక్షన్ ఉంది. హైదరాబాద్ కాన్సులేట్‌లో కిటికీ ముందు నిలబడి "చిన్న టికెట్ అండీ" అనడం కన్నా ఆ ముద్ర ఉన్న కాగితం అందించడం సులువు. తర్వాతి ప్రశ్న?